అండమానా, లక్షద్వీపా? మన వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఏది మేలు

2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్ వెళ్లి ఫొటోలు పెట్టినప్పటి నుంచి ఈ ప్రశ్నకు అంతు లేదు. సంక్రాంతి ముందు ఒకసారి, బడులకు ఎండాకాలం సెలవులిచ్చే ముందు ఒకసారి తప్పకుండా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "సార్, అండమాన్ పోవాల్నా, లక్షద్వీప్ పోవాల్నా?" ఖర్చెంత, ఏ బీచ్ బాగుంటుంది, పిల్లలకు ఏం చూపించొచ్చు అని వాళ్లడుగుతారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: అనుకున్న రోజు అక్కడి నుంచి బయటపడలేకపోతే మీకేమవుతుంది?

మిర్యాలగూడలో బస్సు తప్పితే అరగంటలో ఇంకోటి వస్తుంది. దీవుల్లో గాలి, అల ఒప్పుకుంటేనే పడవ కదులుతుంది, వాతావరణం సరిగ్గా ఉంటేనే విమానం దిగుతుంది. ఇది రెండు చోట్లా ఉన్నదే. తేడా ఎక్కడంటే, ఒక దారి మూసుకుపోయినప్పుడు రెండో దారి ఉందా లేదా అన్న దగ్గర.

లక్షద్వీప్‌లో మొత్తం 36 దీవులు, జనం ఉండేవి 10. విమానాశ్రయం అగత్తిలో ఒక్కటే. రన్‌వే చిన్నది కాబట్టి చిన్న విమానాలే దిగుతాయి, అవీ ఎక్కువగా కొచ్చి నుంచే. సీట్లు తక్కువ. ఒక రోజు విమానం రద్దయితే మర్నాటి దాంట్లో చోటు దొరుకుతుందన్న భరోసా లేదు. ఓడలో వద్దామంటే కొచ్చికి 14 నుంచి 18 గంటలు పడుతుంది, పైగా ఓడ రోజూ ఉండదు. గదులూ కొన్నే. దీవుల్లోకి వెళ్లే పర్మిట్ కూడా తేదీలు చూసి ఇచ్చేదే. అందుకే లక్షద్వీప్ వెళ్లేవాళ్లు తిరుగు ప్రయాణంలో కొచ్చి నుంచి ఇంటికి వచ్చే టికెట్‌ను అదే రోజుకు తీసుకోవద్దు. మధ్యలో కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు, ఖాళీగా వదలండి. సోమవారం డ్యూటీలో చేరాల్సినవాళ్లు ఆదివారం అగత్తి నుంచి బయల్దేరే ప్లాన్ వేసుకుంటే టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు.

అండమాన్‌లో ఈ బాధ బాగా తక్కువ. శంషాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, రెండున్నర గంటల లోపే ప్రయాణం. అది కుదరకపోతే చెన్నై, కోల్‌కతా, బెంగళూరు మీదుగా రావచ్చు. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబర్‌లో పేరు శ్రీ విజయపురం అని మార్చారు, జనం మాత్రం ఇంకా పాత పేరే అంటున్నారు) అన్ని ధరల్లో గదులు దొరుకుతాయి. ఒక రోజు చిక్కుకుపోయినా తిండికీ నిద్రకూ లోటుండదు. హావ్‌లాక్, నీల్ దీవులకు ప్రైవేటు ఫెర్రీలూ ఉన్నాయి, సర్కారు ఫెర్రీలూ ఉన్నాయి. ఒకటి ఆగితే ఇంకోదాని కోసం చూడొచ్చు.

అయినా ఒక జాగ్రత్త. ప్యాకేజీలు అమ్మేవాళ్లు కొందరు చివరి రోజు పొద్దున నీల్ నుంచి ఫెర్రీ, మధ్యాహ్నం విమానం అని రాసిస్తారు. కాగితం మీద బాగానే కనిపిస్తుంది. ఆ పొద్దున సముద్రం గరంగా ఉంటే ఫెర్రీ కదలదు, విమానం మాత్రం మీ కోసం ఆగదు. హావ్‌లాక్, నీల్ ముందే చూసేసి ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో పడుకునేలా ప్లాన్ మార్చమనండి. సెల్యులార్ జైలును చివర్లో పెట్టుకోండి, దాన్ని గాలివాన ఆపలేదు. అక్కడ నిలబడ్డప్పుడు మన హైదరాబాద్ మౌల్వీ అలావుద్దీన్ గుర్తుకు రావాలి. 1857లో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసినందుకు ఆయన్ను అండమాన్‌కే పంపారు. అప్పటికి ఈ జైలు కట్టనే లేదు.

ఇక పర్మిట్. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ తిరగడానికి మనకు ఏ పర్మిట్టూ అక్కర్లేదు, ఆధార్ చాలు. నికోబార్ వైపు వేరే అనుమతి కావాలి, మామూలు టూరిస్టులు దాని జోలికి పోరు. లక్షద్వీప్‌కు మాత్రం భారతీయులైనా ఎంట్రీ పర్మిట్ తప్పదు. దానికి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ జత చేయాలి. ప్యాకేజీలో వెళ్తే పర్మిట్ పని వాళ్లు చూసినా, ఈ సర్టిఫికెట్ కోసం మన జిల్లా పోలీసుల దగ్గర మనమే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆధార్‌లో ఒక అడ్రసు, ఉండేది మరో ఊళ్లో అయితే వెరిఫికేషన్ దగ్గర ఆగే అవకాశం ఉంది. ఇంట్లో ఎంతమంది పెద్దవాళ్లుంటే అన్ని కాగితాలు. నెల ముందు మొదలుపెడితే గానీ మనసు కుదుటపడదు.

అమ్మానాన్నలను తీసుకెళ్తున్నారా? అయితే లక్షద్వీప్ ఓడ ప్యాకేజీకి ముందు ఒకటి తెలుసుకోండి. చాలా దీవుల దగ్గర ఓడ ఒడ్డుదాకా రాదు. బయటే ఆగుతుంది, అక్కడ చిన్న పడవలోకి దిగాలి. సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసొచ్చాం కదా అనుకుంటే కుదరదు. ఇక్కడ ఓడ ఒక లెక్కన ఊగుతుంది, పడవ ఇంకో లెక్కన ఊగుతుంది. సిబ్బంది చేయి పట్టుకుంటారు, అయినా మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టమే.

నీళ్ల అందంలో లక్షద్వీప్‌కు సాటి లేదు. పగడపు దిబ్బల లోపల మోకాలి లోతులో గాజులాంటి నీళ్లు, అలల జోరు ఉండదు, ఈత రాని పిల్లలు కూడా దిగొచ్చు. జనం రద్దీ తక్కువ. సెలవులు మీ చేతిలో ఉన్నవాళ్లు, ఇద్దరే వెళ్లేవాళ్లు, రెండు రోజులు అటూఇటూ అయినా ఫర్వాలేదనుకునేవాళ్లు నిశ్చింతగా అటే వెళ్లండి. కొచ్చి దాకా మనకు శబరి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. నల్లగొండలో ఎక్కితే మర్నాడు ఎర్నాకులంలో దిగొచ్చు. కాకపోతే లక్షద్వీప్‌కు మంచి కాలం, అయ్యప్ప స్వాముల కాలం ఒకేసారి వస్తాయి. నవంబర్ నుంచి జనవరి దాకా ఆ బండిలో బెర్తు కావాలంటే రిజర్వేషన్ తెరిచిన రోజే తీయాలి. మహబూబ్‌నగర్ వాళ్లకు శంషాబాద్ దగ్గరే కాబట్టి వాళ్లకు విమానమే నయం.

దసరా సెలవులు రెండింటికీ అంత మంచివి కావు. అండమాన్‌లో అప్పటికి వానలు పోవు, బంగాళాఖాతంలో తుపాన్ల కాలం కూడా అదే. ఎండాకాలంలో వెళ్లేవాళ్లు ఏప్రిల్ ఆఖర్లోనే చూసి రావాలి, ఎందుకంటే రుతుపవనం కేరళ కంటే ముందు, మే మూడో వారానికల్లా అండమాన్‌ను తాకుతుంది. లక్షద్వీప్ ఓడ ప్యాకేజీలు కూడా వానాకాలంలో ఆగిపోతాయి. మా ఇంట్లో ఈసారి సంక్రాంతికి అండమాన్‌కే టికెట్లు తీశాం.

అండమాన్‌లో డిసెంబర్, జనవరిలో సాయంత్రం అయిదు దాటేసరికే పొద్దు గూకుతుంది, కాబట్టి బీచ్‌లు పొద్దున్నే పెట్టుకోండి. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మాట్లాడేవాళ్లు బాగానే ఉన్నారు, భోజనానికి ఇబ్బంది లేదు. లక్షద్వీప్‌లో మలయాళం, కొబ్బరి, ట్యూనా చేప. మద్యం అక్కడ బంగారం అనే దీవిలో తప్ప ఎక్కడా దొరకదు. రెండు చోట్లకూ నగదు కొంచెం ఎక్కువే పట్టుకెళ్లండి, ఫోన్‌పేను నమ్ముకుని చిన్న దీవికి పోవద్దు. వాంతులు రాకుండా మాత్ర ఫెర్రీ ఎక్కాక కాదు, ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి వేసుకోండి. ఒడ్డున పగడపు ముక్క అందంగా కనిపించినా బ్యాగులో వేసుకోవద్దు, అది నేరం. ఎయిర్‌పోర్టులో బ్యాగు తెరిపిస్తారు.

విశాఖ నుంచి ఓడలో అండమాన్ వెళ్లొచ్చా అంటే, వెళ్లొచ్చు. రెండు రోజులకు పైనే పడుతుంది, ఓడ ఎప్పుడో గానీ ఉండదు. ఉద్యోగాలున్నవాళ్లకు పనికి రాదు. మాల్దీవులా? పాస్‌పోర్టు ఉంటే మనవాళ్లకు అక్కడ దిగగానే వీసా ఇస్తారు, రిసార్ట్ బిల్లు చూసుకుని వెళ్లండి.