తక్కువ ధరకు వస్తున్న పాత పోర్షే కొనబోతున్నారా? నాకు జరిగింది చదివి బయానా ఇవ్వండి

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు కోసం తిరుగుతున్నవాళ్ళకి ఇది. పక్క రాష్ట్రం నంబరు కారు, మార్కెట్ రేటు కంటే ఏడెనిమిది లక్షలు తక్కువ, "రేపు ఇంకో పార్టీ వస్తోంది సార్" అనే మాట. ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే దయచేసి ఆ రోజు డబ్బు తియ్యకండి. నేను తీశాను. 2024 ఏప్రిల్‌లో 39 లక్షలు పెట్టి కొన్న కారు పదకొండు వారాలకే షెడ్డుకి చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

కారు 2014 పోర్షే కేమన్. దానిమీద నాకెందుకంత మోజో ముందు చెప్పాలి. అమ్మినవాడు పట్టుకున్నది ఆ మోజునే.

కేమన్‌లో ఇంజిన్ ముందు ఉండదు, సీట్ల వెనకాలే ఉంటుంది. ఆరు సిలిండర్లు, అటు మూడు ఇటు మూడు పడుకోబెట్టినట్టు ఉంటాయి. 2.7 లీటర్లు, 275 హార్స్‌పవర్, టర్బో లేదు. ఆరేడు వేల ఆర్‌పీఎమ్ దగ్గర వీపు వెనక నుంచి లేచే ఆ శబ్దం ఒక్కసారి వింటే మనిషి మామూలుగా ఇంటికి రాలేడు. బరువంతా నడుమ ఉండటంతో అనంతగిరి గుట్టల మలుపుల్లో స్టీరింగ్ ఎటు తిప్పితే కారు అటు, ఒక్క క్షణం తేడా లేకుండా తిరుగుతుంది. 2016లో 718 అని పేరు మార్చి నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్ పెట్టారు. అందుకే 2013 నుంచి 2016 మధ్య వచ్చిన కార్లంటే ఇష్టపడేవాళ్ళు ప్రాణం పెడతారు. కొత్తది కొనే స్తోమత నాకు ఎప్పుడూ లేదు. పోర్షేలన్నీ పూర్తిగా తయారై ఓడ దిగేవే. అప్పట్లో 40 వేల డాలర్లు దాటిన కారుకి కస్టమ్స్ సుంకమే 100 శాతం. పదేళ్ళ తర్వాత అదే కారు మనబోటి ఉద్యోగస్తుడికి అందే ధరకు దిగుతుంది. కాలేజీ రోజుల నుంచి గోడమీద బొమ్మగా చూసుకున్న కారు అందుబాటులోకి వచ్చిందంటే ఎవరికైనా మనసు ఆగుతుందా?

డీలరు పేరు ఇక్కడ రాయను, కేసు నడుస్తోంది. షోరూమ్ అద్దాలతో మెరిసిపోతూ ఉంటుంది. కాఫీ ఇచ్చారు. "బెంగళూరులో ఒక డాక్టర్ గారి కారు సార్, ఆదివారం ఆదివారం తీసేవారు, అంతే" అన్నారు. మీటరు మీద 31,400 కిలోమీటర్లు. నేను వెళ్ళేసరికి ఇంజిన్ వేడిగానే ఉంది. రాత్రి ఏడున్నరకి నాలుగు కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్ ఇచ్చారు. ఓఆర్‌ఆర్ ఎక్కుదామంటే ఇన్సూరెన్స్ ఒప్పుకోదన్నారు. నా మెకానిక్‌ని తీసుకొస్తానంటే, "మేమే 150 పాయింట్లు చెక్ చేశాం సార్" అని ఫైలు చేతిలో పెట్టారు. ఆ ఫైలు చూసి నేను ఊరుకున్నాను.

జులైలో గట్టి వాన పడిన రోజు కొండాపూర్ దగ్గర డ్యాష్‌బోర్డ్ మీద ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్స్ హెచ్చరికలు ఒక్కసారిగా వెలిగాయి. గేరు మారడం ఆగిపోయింది. ఏసీలోంచి తడిసిన గోనెసంచి వాసన వచ్చింది. పక్కన మా ఆవిడ, వెనక వరసగా హారన్లు. ఆ సాయంత్రం నేనింకా మరిచిపోలేదు.

కూకట్‌పల్లిలో జర్మన్ కార్లు మాత్రమే బాగుచేసే భాయ్ ఒకాయన సీట్లు విప్పించారు. కార్పెట్ ఎత్తగానే అడుగున ఎండిపోయిన సన్నటి ఒండ్రు. సీటు పట్టాలకి తుప్పు. వైరింగ్ కనెక్టర్లు విప్పితే రాగి మీద పచ్చగా చిలుము. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగితే కింది భాగంలో మట్టి గీత. నీళ్ళలో మునిగిన కారు అది. భాయ్ ఏమీ అనలేదు, నా భుజం మీద చెయ్యి వేశారంతే.

తర్వాత కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టారు. ఈ సంగతి చాలామందికి తెలియదు, కాస్త నిదానంగా చదవండి. పోర్షే ఇంజిన్ కంప్యూటర్ తాను ఎన్ని గంటలు నడిచిందో విడిగా రాసుకుంటుంది. మీటరు తిప్పేసేవాళ్ళు చాలాసార్లు దీన్ని వదిలేస్తారు. నా కారులో 2,740 గంటలు ఉంది. 31,400ని దాంతో భాగిస్తే గంటకు పదకొండున్నర కిలోమీటర్లు. ఆదివారం ఖాళీ రోడ్డుమీద తీసే కారుకి అంత తక్కువ సగటు ఎలా వస్తుంది? ఛాసిస్ నంబరు, కొన్న కాగితాలు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. 2021లో సర్వీసుకి వచ్చినప్పటి రికార్డు తీశారు: 68,200 కిలోమీటర్లు. మూడేళ్ళ కిందటి ఆ అంకెను ఇప్పటి గంటలతో భాగించినా దాదాపు పాతిక సగటు వస్తుంది, లెక్క కుదురుతుంది.

ఇక టైర్లు. టైరు పక్క గోడమీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నా కారుకి నాలుగు టైర్లూ 4122, అంటే 2022 అక్టోబరులో తయారైనవి. ఆర్‌సీ ప్రకారం కారు చేతులు మారింది 2023 జనవరిలో. 2022 సెప్టెంబరులో బెంగళూరులో అవుటర్ రింగ్ రోడ్ పక్కన విల్లాల్లో ఖరీదైన కార్లు నీళ్ళలో తేలిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆ తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూశాక నాకు నిద్ర పట్టలేదు. మన దగ్గర 2020 అక్టోబరు వరద, చెన్నైలో 2015, 2023 డిసెంబరు వరదలు. వాటిలో మునిగిన కార్లన్నీ తుక్కు కాలేదని గుర్తుపెట్టుకోండి. బాగుచేసే ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ టోటల్ లాస్ (పూర్తి నష్టం) కింద డబ్బు కట్టి, బండిని వేలంలో అమ్మేస్తుంది. ఆర్‌సీ రద్దు కాకుండా బతికి ఉంటే అది కడిగి, పాలిష్ పట్టి, ఇంకో ఊళ్ళో షోరూమ్‌కి వస్తుంది.

బీమా కాగితం ఒక్క ఏడాదిది చూసి ఊరుకోవడం నేను చేసిన పెద్ద తప్పు. పాత యజమాని పేరుమీద ఉన్న పాలసీలు అడగండి. క్లెయిమ్ లేకుండా ఐదేళ్ళు నడిస్తే నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో రాయితీ) 50 శాతానికి చేరుతుంది. జాగ్రత్తగా వాడిన డాక్టర్ గారి పాలసీలో అది కనపడాలి కదా. నేను తర్వాత అడిగితే ఒక్క కాగితమూ రాలేదు.

డీలరు దగ్గరికి వెళ్తే, "మాది పార్క్ అండ్ సేల్ సార్, కారు మాది కాదు, పార్టీతో మాట్లాడుకోండి" అన్నారు. నేను సంతకం పెట్టిన డెలివరీ కాగితంలో చిన్న అక్షరాలతో "యాజ్ ఈజ్", అంటే ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను అని ఉంది. వైరింగ్, కంప్యూటర్లు మార్చడానికి 19 లక్షల అంచనా వచ్చింది. నంబరు మార్చుకోవడానికి కావలసిన ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) పదిహేను రోజుల్లో ఇస్తామన్నది నాలుగు నెలలు పట్టింది. పక్క రాష్ట్రం బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంటే ఇక్కడి నంబరు వేయించుకోవాలి. జీవిత పన్ను మీరు కొన్న ధరమీద కాదు, కారు అసలు ధరనీ వయసునీ బట్టి లెక్కగడతారు. కేఏ (కర్ణాటక) అయినా, పీవై (పుదుచ్చేరి) అయినా ఈ లెక్క బేరానికి ముందే వేసుకోండి, తక్కువ ధర అనిపించింది అక్కడే సగం కరిగిపోతుంది.

కేమన్‌కి ప్రత్యేకంగా ఒక మాట. దీనికి బానెట్ ఎత్తి చూద్దామంటే ఇంజిన్ కనపడదు. ముందూ డిక్కీయే, వెనకా డిక్కీయే. వెనక ఆయిల్, కూలెంట్ పోసే మూతలు మాత్రమే ఉంటాయి. కాబట్టి లిఫ్ట్ మీద పెట్టకుండా, స్కానర్ తగిలించకుండా ఈ కారు చూశామని చెప్పడానికే లేదు. ఉదయం చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేయించండి, ముందే వేడి చేసిపెడితే లోపాలు దాగిపోతాయి. మీ మెకానిక్‌ని వద్దన్న చోట నుంచి లేచి వచ్చేయండి, ఎంత నచ్చినా సరే. నా కళ్ళముందు ఆ గార్డ్స్ రెడ్ రంగు, ఆ శబ్దం ఉన్నాయి కాబట్టి నేను లేవలేకపోయాను. ఆ బాధ తెలుసు కాబట్టే చెప్తున్నాను.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. చెల్లించింది 50 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, రెండేళ్ళ గడువు దాటనివ్వకండి. ప్రకటన స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మాటలు, స్కానర్ రిపోర్టు అన్నీ దాచుకోండి. నా వైపు నిలబడింది సర్వీస్ సెంటర్ ఇచ్చిన ఆ 68,200 కాగితమే.

అదే షోరూమ్ పోయిన వారం ఇంకో స్పోర్ట్స్ కారు ప్రకటన పెట్టింది. తెల్లది, కేఏ నంబరు, 28 వేల కిలోమీటర్లు, ఒక డాక్టర్ గారిది అట. చూడ్డానికి వెళ్ళేవాళ్ళుంటే ముందు టైర్ల మీద ఆ నాలుగంకెలు చూడండి, తర్వాత సీటు బెల్టు పూర్తిగా లాగండి.