నెల భోజనాల కూపన్ల పుస్తకం కొనేముందు ఆగండి: అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్ మెస్సుల్లో తినేవారికి హెచ్చరిక

అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్, మధురానగర్ పరిసరాల్లో హాస్టళ్ళలోనో అద్దె గదుల్లోనో ఉంటూ రెండు పూటలా మెస్సు భోజనం మీద ఆధారపడినవారందరూ దయచేసి దీన్ని పూర్తిగా చదవండి. నెలకు సరిపడా డబ్బు ముందే కట్టించుకొని, 60 భోజనాల కూపన్లున్న పుస్తకాన్ని చేతికిచ్చే మెస్సులు ఈ ప్రాంతంలో ఉన్నాయి. అలా కొన్న పుస్తకంలో సగానికి పైగా కూపన్లు నా దగ్గర వాడకుండానే మిగిలిపోయాయి. మెస్సు చేతులు మారింది. కొత్తగా వచ్చినవారు ఆ కూపన్లతో తమకు సంబంధం లేదంటున్నారు. డబ్బు తీసుకున్న పాత యజమాని అందుబాటులో లేరు. నాతోపాటు పక్క హాస్టలులో ఉండే పిల్లలు కూడా ఇదే విధంగా నష్టపోయారు. ఫిర్యాదు నడుస్తున్నందువల్ల ఆ మెస్సు పేరు, సందు పేరు ఇక్కడ రాయడం లేదు. అయినా, ఆ ఒక్క చోటికి వెళ్ళకుండా ఉన్నంత మాత్రాన తీరిపోయే సమస్య కాదిది. బిల్లు లేకుండా, యజమాని పేరు లేకుండా నెల డబ్బు ముందే తీసుకొనే ఈ పద్ధతి ఎక్కడ ఉన్నా, కొన్నవారి డబ్బుకు అక్కడ రక్షణ లేదు.

మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకోవడానికీ, పోటీ పరీక్షలకు చదవడానికీ రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే యువతీ యువకులు ఈ సందుల్లోనే ఉంటారు. మెట్రో ఎరుపు, నీలం మార్గాలు అమీర్‌పేట స్టేషన్‌లో కలుస్తాయి కాబట్టి హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలకు వెళ్ళేవారిలో కూడా చాలామంది ఇక్కడే గదులు తీసుకుంటారు. గదిలో పొయ్యి ఉన్నవారు అన్నం మాత్రం వండుకొని, కర్రీ పాయింట్ నుంచి పప్పు, వేపుడు, సాంబారు పొట్లాలు తెచ్చుకుంటారు. పొయ్యి లేనివారికి మెస్సే దిక్కు. ఇంటి నుంచి నెల మొదట్లో డబ్బు వస్తుంది. చేతిలో ఉంటే ఖర్చయిపోతుందన్న భయంతో భోజనాల డబ్బు ముందే కట్టేస్తారు. నెలాఖరుకు జేబు ఖాళీ అయినా అన్నానికి లోటుండదన్న ధైర్యం కోసమే ఎక్కువమంది ఈ పుస్తకాలు కొంటారు. తగ్గింపు ధర ఆ తరువాతి సంగతి. ఆ ధైర్యాన్నే ఆసరా చేసుకొని డబ్బు దండుకోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం.

నేను పుస్తకం కొన్న మెస్సులో ఫుల్ మీల్స్ కౌంటర్ దగ్గర 100 రూపాయలు. 60 కూపన్ల పుస్తకం 4,800 రూపాయలు, అంటే ఒక్కో భోజనం 80 రూపాయలకు పడుతుంది. పుస్తకం మీద మెస్సు పేరు, వరుస సంఖ్య, రబ్బరు ముద్ర, అడుగున చిన్న అక్షరాల్లో డబ్బు వాపసు ఇవ్వబడదన్న ఒక వాక్యం ఉన్నాయి. యజమాని పేరు లేదు, చిరునామా లేదు, ఎన్నాళ్ళు చెల్లుతుందో లేదు. బిల్లు అడిగితే, పుస్తకమే బిల్లు సార్ అన్నారు. ఫోనులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు మెస్సు పేరు కాక ఒక వ్యక్తి పేరు కనిపించింది. చిన్న వ్యాపారాల్లో ఇది మామూలే కాబట్టి అక్కడ ఎవరూ దాన్ని పట్టించుకోరు. కానీ ఇప్పుడు నా దగ్గర మిగిలిన గట్టి ఆధారం ఆ పేరూ, ఆ చెల్లింపు సంఖ్యా మాత్రమే.

మొదట్లో భోజనం నిజంగా బాగుండేది. ముద్దపప్పు, ఆవకాయ, రోజుకొక వేపుడు, గట్టి పెరుగు, అడిగినంత అన్నం. తరువాత ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చింది. ఆదివారం చికెన్ కూరకు రెండు కూపన్లు చింపడం మొదలుపెట్టారు. పార్సిల్ అయితే డబ్బాలకని విడిగా డబ్బు అడిగారు. పెరుగు గిన్నె చిన్నదైంది, ఆపైన అది మజ్జిగ అయింది. పప్పు వారంలో మూడు రోజులే అన్నారు. రాత్రి పూట అన్నంలో మధ్యాహ్నం మిగిలిన చల్లటి ముద్దలు తగిలేవి. రుచి సంగతి అటుంచితే, ఇది ఆరోగ్యానికే ముప్పు: వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అందులో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి విషాన్ని తయారుచేస్తుంది, మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. వేడిగా వడ్డించవలసిన ఆహారాన్ని వడ్డించేదాకా తగినంత వేడిగానే ఉంచాలని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నది ఇందుకే. విడిగా డబ్బిచ్చి తినేవాడు ఇలాంటి అన్నం చూస్తే మరుసటి రోజు వేరే మెస్సుకు వెళ్తాడు. పుస్తకం కొన్నవాడికి ఆ వీలు లేదు. కూపన్లు అయిపోయేదాకా అక్కడే తినక తప్పదని వారికి తెలుసు.

ఆ రోజుల్లోనే కౌంటర్ దగ్గర ఒక కాగితం అంటించారు: రెండు పుస్తకాలు ఒకేసారి కొన్నవారికి పది భోజనాలు ఉచితం. నాణ్యత పడిపోతున్న సమయంలో ధర తగ్గించి ముందస్తు డబ్బు ఇంకా ఎక్కువ రాబట్టాలని చూడడం చాలా పెద్ద ప్రమాద సూచిక అని అందరూ గుర్తుంచుకోవాలి. మా వీధి పిల్లలు కొందరు అప్పుడు రెండేసి పుస్తకాలు తీసుకున్నారు. కొద్ది రోజులకే వంటవాళ్ళు మారారు, కూరల సంఖ్య రెండుకు పడిపోయింది, తరువాత మరమ్మతుల కోసం మూసివేస్తున్నామన్న బోర్డు కనిపించింది. తెరిచేసరికి గోడలకు కొత్త రంగు, పాత పేరుకే ముందు ఒక కొత్త అక్షరం, కౌంటర్ మీద వేరే క్యూఆర్ స్టిక్కర్. వడ్డించే ఇద్దరు మాత్రం పాతవాళ్ళే. కూపన్ ఇస్తే క్యాషియర్ దాన్ని తిప్పి చూసి, "ఇవి పాత ఓనర్‌వి సార్, మేము మెస్ ఒక్కటే తీసుకున్నాం, ఆయన అప్పులతో మాకు సంబంధం లేదు" అన్నాడు. పాత యజమాని నంబరు ఇవ్వమంటే తన దగ్గర లేదన్నాడు. నెలల తరబడి అదే వంటగదిలో, అదే బల్లల మీద వ్యాపారం చేసిన మనిషి నుంచి మెస్సును కొనుక్కున్నవారి దగ్గర ఆయన నంబరు లేదంటే నమ్మడం కష్టం.

నడుస్తున్న మెస్సును సామాను, గిరాకీలతో సహా అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. ఇల్లు అద్దెది, గిన్నెలు, బల్లలు, ఫ్రిజ్ మాత్రం యజమానివి. వాటికీ గిరాకీకీ కలిపి ఒక ధర కట్టి చేతులు మార్చుకుంటారు. ఆ లెక్కలో, జనం దగ్గర ముందే డబ్బు తీసుకొని ఇంకా పెట్టవలసిన భోజనాలు ఎవరి ఖాతాలోకి వస్తాయన్నది తేల్చుకోవలసిన బాధ్యత అమ్మేవారిదీ కొనేవారిదీ. ఆ బేరం వివరాలు మనకు తెలిసే అవకాశమే లేదు. వారిద్దరూ తేల్చుకోనంత మాత్రాన ఆ నష్టం మన నెత్తిన పడడం ఏ విధంగానూ న్యాయం కాదు.

చట్టం కూడా దీన్ని న్యాయంగా చూడదు. 2020 జూలై నుంచి అమలులో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం డబ్బు తీసుకొని ఒప్పుకున్న సేవ అందించకపోవడం సేవాలోపం. అందించిన సేవకు బిల్లుగానీ రశీదుగానీ ఇవ్వకపోవడాన్ని ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లోనే చేర్చింది. డబ్బు వాపసు ఇవ్వబడదని పుస్తకం అడుగున అచ్చు వేసుకున్నంత మాత్రాన, పెట్టని భోజనానికి తీసుకున్న డబ్బు వారిదైపోదు. మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, అంటే మనం నివసించే లేదా పనిచేసే చోటనే, ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్ళలోపు వేయాలి. అంతకంటే ముందు, ఖర్చు లేకుండా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. కమిషన్ ఇచ్చినట్టు వారు ఆదేశాలివ్వరు, అవతలి పక్షంతో మాట్లాడి పరిష్కారానికి ప్రయత్నిస్తారు. నేను మొదట అక్కడ ఫిర్యాదు నమోదు చేయించి, పాత, కొత్త యజమానులిద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపాను. అవతలివారు ఒకరి మీద ఒకరు నెట్టుకొనే అవకాశం ఉన్నప్పుడు ఇద్దరినీ చేర్చడమే సరైనదని నా అభిప్రాయం.

ఇక కొత్తగా పుస్తకం కొనాలనుకుంటున్నవారికి నా గట్టి సలహా: కొనకండి. తప్పనిసరైతే వారానికో పది రోజులకో మించి ముందు డబ్బు కట్టకండి. నెలకు ఓ వెయ్యి రూపాయలు మిగులుతాయన్న ఆశకు 4,800 రూపాయలు ఒకేసారి ఎవరి చేతిలోనో పెట్టడం సరైన బేరం కాదు. పది రోజుల కట్టలు ఇస్తారా అని అడగండి. నిజాయితీగా నడిపేవారు కొందరు ఇస్తున్నారు, వారికి నా కృతజ్ఞతలు. ఇవ్వము, నెల మొత్తానికే కట్టాలి అని పట్టుబడితే ఆ పట్టుదలకు కారణమేమిటో ఆలోచించండి.

డబ్బు ఇచ్చేముందు గోడ వైపు చూడండి. ఆహార వ్యాపారం చేసే ప్రతి చోటా కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సునో రిజిస్ట్రేషన్ పత్రాన్నో అందరికీ కనిపించేలా పెట్టాలి. దాని మీద 14 అంకెల సంఖ్య ఉంటుంది. 2022 జనవరి 1 నుంచి బిల్లుల మీద కూడా ఆ సంఖ్య ఉండడం తప్పనిసరి. ఆ సంస్థ లైసెన్సుల వెబ్‌సైటు ఫాస్కాస్ (FoSCoS)లో ఆ సంఖ్య కొడితే పత్రం ఎవరి పేరున, ఏ చిరునామాకు ఇచ్చారో తెలుస్తుంది. నేను మెస్సు మళ్ళీ తెరిచాక చూస్తే, కొత్త రంగు వేసిన గోడకు పాత పత్రమే వేలాడుతూ ఉంది. బోర్డు మీది పేరూ పత్రం మీది పేరూ వేరుగా ఉంటే డబ్బు కట్టకుండా వచ్చేయండి. బిల్లులో జీఎస్టీ వసూలు చేస్తున్నారంటే 15 అక్షరాంకాల జీఎస్టీ సంఖ్య కూడా ఉండాలి. తెలంగాణలో అది 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే వ్యాపారం వెనుక ఉన్న అసలు పేరు కనిపిస్తుంది. ఇంత చిన్న మెస్సుకు ఇవన్నీ ఎందుకని కొందరు అనవచ్చు. రోజూ వంద రూపాయలిచ్చి తినేవారికి నిజంగానే జీఎస్టీ సంఖ్యతో పని లేదు. నెల డబ్బు ముందే ఇచ్చేవారు మాత్రం ఆ వ్యాపారికి అప్పు ఇచ్చినవారితో సమానం, అప్పు తీసుకున్నవారి పేరు తెలియకుండా ఎవరూ అప్పు ఇవ్వరు.

యూపీఐ ద్వారానే చెల్లించండి, నగదు వద్దు. తెరమీద కనిపించే పేరును స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. పుస్తకం మీద తేదీ వేయించి, యజమాని సంతకం తీసుకొని, ఆదివారం ఎన్ని కూపన్లు చింపుతారో, సెలవుల్లో ఊరికి వెళ్తే మిగిలినవి తరువాతి నెలలో చెల్లుతాయో లేదో అప్పుడే రాయించుకోండి. పండుగకు ఇంటికెళ్ళి వచ్చేసరికి గడువు ముగిసిందని చెప్పి కూపన్లు తిరస్కరించిన సంఘటనలు కూడా మా హాస్టలులోనే జరిగాయి.

భోజనం పాడైనదని అనుమానం వస్తే ఆ ఫిర్యాదు వేరు. దాన్ని ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫోటోలతో పెట్టండి. కూపన్ల డబ్బు గురించి అక్కడ రాస్తే ప్రయోజనం ఉండదు.

ఈ ప్రాంతంలో ఇటీవల మరమ్మతుల పేరుతో మూతపడి, వేరే బోర్డుతో తెరుచుకున్న మెస్సులో మీ కూపన్లు కూడా మిగిలిపోయి ఉంటే వాటిని కోపంతో చింపి పారేయకండి. ప్రతి కాగితానికీ వరుస సంఖ్య కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి. చెల్లింపు వివరాలు బ్యాంకు స్టేట్‌మెంటు నుంచి బయటికి తీయండి. ఒకే రకంగా నష్టపోయినవారు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయడానికి చట్టంలో వీలుంది. ఒక్కొక్కరికి రెండు మూడు వేలే కదా అని ఎవరికి వారు వదిలేస్తే, పోయిన మొత్తమంతా కలిపి ఎంతో ఎవరికీ తెలియకుండా పోతుంది. హెల్ప్‌లైన్‌లో మీ ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరును మీ హాస్టలు వార్డెన్ దగ్గర రాసి ఉంచండి. మా వీధిలోని రెండు హాస్టళ్ళలో ఇప్పటికే ఆ జాబితా మొదలైంది.