ట్రైలర్ లాక్కుంటూ డెన్వర్ నుంచి సెలైనా దాకా: డీజిల్ లెక్కలు, బస సంగతులు

డీజిల్ పికప్ ట్రక్ వెనకాల ఇల్లులాంటి ట్రైలర్ తగిలిస్తే మైలేజీ ఢమాల్ అంటుందని అందరూ చెప్తారు, నిజమే, మా ట్రక్ ఖాళీగా హైవే మీద గ్యాలన్‌కి 19 మైళ్లు ఇచ్చేది కాస్తా ట్రైలర్‌తో 11, 12 మధ్య కొట్టుకుంది. కాకపోతే డీజిల్ తాగేది కొండలు కాదండీ, స్పీడూ ఎదురుగాలీను.

కొలరాడోలోని డెన్వర్ నుంచి యూటాలోని సెలైనాకి ఐ-70 హైవే పట్టుకుని పడమరకి వెళ్తే ఐసెన్‌హవర్ టనెల్ దగ్గర ఎత్తు 11,158 అడుగులు, అమెరికా ఇంటర్‌స్టేట్ రోడ్లన్నిట్లో అదే ఎత్తైన చోటు. ఎక్కుతుంటే మైలేజీ మీటర్ 5కి పడిపోయింది, మా ఆవిడ అది చూసి ట్యాంక్‌కి చిల్లు పడిందేమో దిగి చూడు అంది. ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బో పుణ్యమా అని ఇంజన్ మాత్రం ఆయాసపడలేదు. అవతల సిల్వర్‌థార్న్ వైపు దిగేటప్పుడు టో-హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు గేర్లు సర్దే సెట్టింగు), ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగగొట్టాన్ని బిగించి ఇంజన్‌తోనే వేగం తగ్గించేది) వేసుకుంటే పెడల్ మీద కాలు పెట్టే పని పెద్దగా ఉండదు, డీజిల్ ఖర్చూ దాదాపు సున్నా. ఎక్కేటప్పుడు పోయిందాంట్లో చాలావరకు దిగేటప్పుడు రాబట్టుకోవచ్చు, ఫ్రూటా చేరేసరికి సగటు 12 వచ్చింది.

ఫ్రూటాలో స్టేట్ పార్క్‌లో దిగాం. నీళ్లు, కరెంటు, మురుగు లైను అన్నీ ఉన్నాయి, హైవే పక్కనే కాబట్టి లారీల మోత కూడా ఉంది, ఒక్క రాత్రికైతే ఇంతకన్నా సుఖం లేదు. యూటాలో ఆర్చెస్ నేషనల్ పార్క్‌లో డెవిల్స్ గార్డెన్ క్యాంప్‌గ్రౌండ్ దీనికి పూర్తిగా ఉల్టా, హుకప్పులు (నీళ్లు, కరెంటు, మురుగు కనెక్షన్లు) లేవు, షవర్లు లేవు, పార్క్ గేటు నుంచి 18 మైళ్లు లోపలికి పోవాలి, అయినా పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా ఎర్ర రాళ్లు! నా ఓటు దానికే, ముందే బుక్ చేసుకోవాలి, ట్యాంకులో నీళ్లు నింపుకుని పోవాలి. పిల్లలున్నవాళ్లకి దగ్గర్లోని మోయాబ్ ఊళ్లో ఆర్వీ పార్కులే (ట్రైలర్లు నిలుపుకునే ప్రైవేటు చోట్లు) నయం.

అసలు దెబ్బ ఆ తర్వాత. యూటాలోనే గ్రీన్ రివర్ అనే ఊరు దాటాక సెలైనా దాకా వంద మైళ్లకి పైగా ఒక్క బంకు లేదు, దానికి తోడు పడమటి గాలి మొహాన కొడుతోంది. అందరూ దూసుకుపోతున్నారని నేనూ 72కి లాగితే మీటర్ 8కి దిగింది, 62కి తగ్గించి కాసేపు ఓపిక పడితే 10 దాటింది. గాలి అడ్డు స్పీడుకి వర్గం లెక్కన పెరుగుతుంది, 65 నుంచి 75కి వెళ్తే మూడో వంతు ఎక్కువ, పైగా ట్రైలర్ ముందు భాగం నిటారు గోడాయె. కొన్ని ట్రైలర్ టైర్లకి, ముఖ్యంగా పాతవాటికి, 65 మించి స్పీడ్ రేటింగ్ కూడా ఉండదు. గ్రీన్ రివర్‌లో ట్యాంక్ ఫుల్ చేయించకుండా మాత్రం కదలొద్దు.

బంకుల్లో లారీల లేన్‌లోకి వెళ్తే తిప్పుకోడానికి చోటు బాగుంటుంది, డెఫ్ (డీజిల్ పొగని శుభ్రం చేయడానికి పోసే ద్రవం) కూడా పంపులోనే దొరుకుతుంది, కానీ ఒకచోట వాళ్ల లావు నాజిల్ మా ట్యాంక్ మూతిలో పట్టలేదు, మళ్లీ కార్ల వైపుకి తిప్పుకుని ఆ స్తంభాల మధ్య ఇరుక్కున్నాం. ఇంకోటి, డాష్‌బోర్డ్ అంకెని నమ్మొద్దు, నింపిన గ్యాలన్లతో లెక్కేస్తే మాకు ప్రతిసారీ ఒక మైలు దాకా తక్కువే తేలింది.