కాసియో ఎస్‌కె-1: మూత విప్పి చూడవలసిన చిన్న కీబోర్డు

1980ల నడుమ వచ్చిన కాసియో ఎస్‌కె-1 కీబోర్డును సర్క్యూట్ బెండింగ్ (వాద్యం లోపలి తీగల కలయికలను కావాలని మార్చి వింత ధ్వనులు రాబట్టడం) కోసమే పాతది కొని కొన్ని నెలలుగా వాడుతున్నాను. 32 చిన్న మీటలు, ఒకేసారి 4 స్వరాలు, మైకు ద్వారా సుమారు 1.4 సెకన్ల ధ్వనిని 8 బిట్ల అంకెలుగా మార్చి పట్టి ఉంచే మెమరీ, ఇవే దీని హంగులు. అయినా స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టిన చప్పుడును అందులోకి ఎక్కించి ఎడమ చివరి మీటలు నొక్కితే, అది గుడిగంటలా బరువుగా సాగుతుంది.

అసలు సొగసు వెనుక మూత తీశాకే తెలుస్తుంది. మెమరీ చిప్పుకు వెళ్లే రెండు డేటా లైన్లను (ఆ అంకెలను చేరవేసే దారులను) సన్నని తీగతో కలిపితే తప్పుడు అంకెలు చదవబడి, మెత్తని ఫ్లూటు స్వరం కూడా గరగరలాడుతూ, ముక్కలై, మనం ఊహించని లయలో తిరిగి వస్తుంది. నచ్చిన చోట సోల్డరింగ్ చేసి (కరిగించిన లోహంతో తీగను అతికించి) స్విచ్చు పెట్టుకోవచ్చు. ఒక్కోసారి వాద్యం బిగుసుకుపోతుంది. ఆపి మళ్లీ వేస్తే తేరుకుంటుంది కానీ, ఎక్కించిన ధ్వని చెరిగిపోతుంది. ఈ పని బ్యాటరీలతోనే చేయాలి, అడాప్టరు తగిలించి ఎన్నడూ చేయరాదు. విద్యుత్తు అందించే భాగానికి తీగ తాకితే చిప్పు మాడిపోవచ్చు కనుక, సోల్డరింగ్ కొత్తగా నేర్చుకునేవారు ముందు ఏదైనా చవక బొమ్మ కీబోర్డు మీద చేయి తిప్పుకొని, తరువాతే దీన్ని కొనాలని నా సలహా.