గార పట్టే నీళ్లకు ఆర్వోనా, సాఫ్ట్‌నరా? ఏది మేలు?

పోయిన చలికాలం మా గీజర్ ఉన్నట్టుండి మొరాయించింది. బాగుచేసే అబ్బాయి వచ్చి రాడ్ ఊడదీశాడు. లోపలి రాగి గొట్టం ఎక్కడా కనబడలేదు. వేలు లావున తెల్లటి గార, ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చి ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో కొడితే పెంకులుగా రాలింది. "గిదే రోజూ మీ కడుపుల పడుతుంది వదినా, ఆర్వో పెట్టించుకోండి" అన్నాడు.

ఆ వారమే ఆర్వో అమ్మే అతనొకడు మా గల్లీలోకి వచ్చాడు. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, రెండింట్లో రాడ్లు ముంచి కరెంటు పెట్టాడు. మా బోరు నీళ్లు నిమిషంలో ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. ఆర్వో నీళ్లు తేటగానే ఉన్నాయి. మా అత్తమ్మ చేతులు వణికాయి, వెంటనే అడ్వాన్స్ ఇచ్చేయమంది.

ఆ రంగు నీళ్లలోది కాదు, ఇనుప రాడ్‌ది. ఉప్పులున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది, ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్వో నీళ్లలో ఉప్పులు తక్కువ కాబట్టి కరెంటు పారదు. ఆ తేట గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి, అదీ ఎర్రబడుతుంది. పెద్దవాళ్లను ఇలా భయపెట్టి డబ్బులు తీసుకోవడం తప్పని ఆ రోజే అతని ముఖం మీద అన్నాను.

మాది చంద్రపూర్ జిల్లా రాజురా. 1956 దాకా ఈ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది, అందుకే ఇప్పటికీ ఇళ్లల్లో తెలుగు, బజారులో మరాఠీ. పెన్‌గంగకు అటూ ఇటూ నేల అడుగున సున్నపురాయి. గడ్‌చాందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఆ రాయి కోసమే. మా బోర్లలో నీళ్లు ఆ రాయిని కరిగించుకునే పైకి వస్తాయి. మరాఠీలో జడ్ పాణీ అంటారు, పిల్లల సైన్సు పుస్తకంలో కఠిన జలం.

చక్కెర వేడి నీళ్లలో బాగా కరుగుతుంది కదా, ఈ సున్నం సంగతి తలకిందులు. నీళ్లు కాగితే సున్నం కరిగి ఉన్న రూపమైన బైకార్బనేటు విడిపోయి కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, కాల్షియం కార్బనేటు రాడ్‌కు అంటుకుంటుంది. రాలిన పెంకు మీద నేను నిమ్మకాయ పిండాను. బుస్సుమని నురగ వచ్చింది. అసిడిటీకి మనం నమిలే సుద్దలాంటి మాత్రల్లో కొన్నింటిలో ఉండేది ఇదే పదార్థం. కడుపులోని ఆమ్లంలో అది కరిగిపోతుంది, గీజర్‌లోలా పొరలు కట్టదు. కిడ్నీలో రాళ్ల మాట కూడా ఆ అబ్బాయి ఎత్తాడు. ఆ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేటు, గార కాదు. ఇప్పటికే రాళ్లున్నవాళ్లు డాక్టరును అడగాలి గానీ, గీజర్ రాడ్ చూసి కిడ్నీల సంగతి తేల్చలేం.

మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే గార కట్టే ఉప్పుల లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే కాఠిన్యానికి ఆరోగ్యం పేరుతో హద్దే పెట్టలేదు. నీళ్లలో ఎక్కువైతే పళ్ల మీద చారలు తెచ్చే ఫ్లోరైడ్‌కు మాత్రం అది 1.5 మిల్లీగ్రాముల గీత గీసింది. మన ప్రమాణంలో 1 ఉంటే మంచిది, 1.5 దాటకూడదు.

సాఫ్ట్‌నర్, ఆర్వో ఒకే రోగానికి రెండు మందులు కావు. సాఫ్ట్‌నర్‌లోని రెసిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. గార ఆగిపోతుంది, సబ్బు నురగ వస్తుంది, ట్యాప్‌ల మీద మరకలు ఉండవు. కానీ నీళ్లలో మొత్తం ఉప్పులు తగ్గవు, ఫ్లోరైడ్ ఉంటే ఉన్నట్టే ఉంటుంది. 400 కాఠిన్యాన్ని పూర్తిగా తీసేస్తే లీటరుకు సుమారు 180 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. మూడు లీటర్లు తాగే మనిషికి అది దాదాపు గ్రామున్నర ఉప్పుతో సమానం. బీపీ ఉన్న మా మామయ్యకు ఆ నీళ్లు నేను పొయ్యను. పైగా రెసిన్‌ను ఉప్పునీళ్లతో కడుగుతూ ఉండాలి, ఆ కడుగు మొక్కలకు పోస్తే చచ్చిపోతాయి. కాబట్టి అది స్నానాలగదికి, వాషింగ్ మెషీన్‌కు. అద్దె పోర్షన్లున్న పెద్ద ఇంటికి గిట్టుబాటు, మా నలుగురికి అనవసరం.

ఆర్వోలోని సన్నటి వడపోత పొర కాల్షియంతో పాటు ఫ్లోరైడ్, నైట్రేట్‌లను కూడా చాలావరకు ఆపుతుంది. అదే దాని గొప్పతనం. ఇళ్లలో పెట్టే మామూలు మెషీన్ ఒక లీటరు ఇచ్చేసరికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. మే నెలలో బోరు గుక్కపట్టే ఊళ్లో ఇది చిన్న మాట కాదు. గార నీళ్లలో దాని పొర కూడా తొందరగా పూడుకుపోతుంది. ఇక గీజర్‌కు దానితో పనే లేదు, బకెట్ల కొద్దీ ఆర్వో నీళ్లు ఎవరూ కాచుకోరు. అంటే రాడ్‌ను చూపించి ఆర్వో అమ్మడం కాలినొప్పికి కళ్లద్దాలు ఇచ్చినట్టే.

గార పట్టకుండా పైపుకు కట్టే అయస్కాంతాల గురించి కూడా ఫోన్లు వస్తున్నాయి. ఆ ఆలోచనకు బెల్జియంలో 1945లోనే పేటెంటు ఇచ్చారు. ఇన్నేళ్లయినా ఫలితాలు ఒక ప్రయోగశాలలో ఒకలా, మరో దాంట్లో ఇంకోలా వస్తున్నాయి. నేనైతే కొనను. కాచి వడగడితే గార కొంత తగ్గి, క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం పోదు, ఆవిరి పోయినకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది.

మా బోరు నీళ్లు ల్యాబ్‌లో ఇచ్చి చూశాం. కాఠిన్యం ఎక్కువే, ఫ్లోరైడ్ 1 లోపే. అందుకని ఆర్వో కొనలేదు. గీజర్ వేడి 55 డిగ్రీలకు తగ్గించాం, ఎందుకంటే 60 దాటాక గార జోరందుకుంటుంది. ఏడాదికోసారి రాడ్ తీసి నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్లలో నానబెడుతున్నాం. పప్పు త్వరగా ఉడకదని అత్తమ్మ సణుగుతుంది, రాత్రే నానేస్తే ఆ బాధ సగం తీరింది.

నన్ను నిజంగా కలవరపెట్టింది మా పిన్ని వాళ్ల ఊరు. వాళ్ల బోరు నీళ్లకు సబ్బు చక్కగా నురగ వస్తుంది, గిన్నెకు గార అంటదు. "మా నీళ్లు మెత్తటివి" అని పిన్నికి ఎంతో గర్వం. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆమె మనవరాలు నవ్వితే ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు కనబడ్డాయి. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే సరిగా కరగని పదార్థం అవుతుంది, అందుకే కాల్షియం తక్కువున్న మెత్తటి నీళ్లలోనే తరచూ ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉంటుంది. గార పట్టిన నీళ్లన్నీ క్షేమమని దీనర్థం కాదు, పరీక్ష చేయించకుండా తెలియదు. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు.

వాళ్ల నీళ్లలో అది 1.5 దాటింది. అక్కడ ఆర్వో కొనమని నేనే పట్టుబట్టాను. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చే నల్గొండ పద్ధతి కూడా ఉంది. పేరు మన నల్గొండది, రూపొందించింది నాగ్‌పూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ. ఊరుమ్మడి ట్యాంకుకు అది చవక, కానీ మోతాదు చూసే మనిషి రోజూ ఉండాలి. వాళ్ల పంచాయతీలో ఇంకా ఎవరూ దొరకలేదు.

పాప పళ్ల చారలు ఇక వాటంతట అవి పోవు. పాప తమ్ముడికి మూడేళ్లు. ఎనిమిదేళ్లు వచ్చేదాకా పక్కా పళ్ల పింగాణీ చిగుళ్ల లోపల తయారవుతూనే ఉంటుంది కాబట్టి వాడికి ఇంకా టైముంది. పిన్ని మొదట్లో ఆర్వో నీళ్లు తాగడానికే ఇచ్చి, అన్నం, పప్పు బోరు నీళ్లతోనే వండేది. బియ్యం పీల్చుకునే నీళ్లూ వాడి పొట్టలోకే పోతాయని చెప్పాక, పొయ్యి పక్కన ఆర్వో నీళ్ల బిందె విడిగా పెట్టింది.