సోమశిల రేవు: నీటిమట్టం చూసుకొని బయలుదేరవలసిన ఊరు

పాలమూరు వాళ్లకు సముద్రం దూరమే గాని, పడవలు కట్టేసిన రేవు, ఒడ్డున ఆరేసిన వలలు, అలల దెబ్బకు అంచులు కోసుకుపోయిన ఎర్రటి గట్లు చూడాలనుకుంటే కొల్లాపూర్ దాకా వెళ్తే సరిపోతుంది. అక్కడికి పది కిలోమీటర్ల లోపు దూరంలో, నల్లమల కొండలు కృష్ణలోకి నిటారుగా దిగే చోట సోమశిల ఉంది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 2016లో జిల్లాల విభజన తర్వాత నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. ఈ మధ్య సోమశిలను, పక్కనే ఉన్న అమరగిరిని కలిపి మినీ మాల్దీవులని ప్రచారం చేస్తున్నారు. ఆ మాట నమ్మి వచ్చి, ఘాట్ మీద నాలుగు ఫొటోలు దిగి, మధ్యాహ్నం ఎండకు విసుగు పుట్టి గంటలోనే వెనుదిరిగే కుటుంబాలను నేను చూశాను. వాళ్ల నిరాశకు కారణం ఊరు కాదు, ఊరి గురించి విన్న మాటలు. సోమశిల ఇప్పటికీ జీవనం సాగుతున్న రేవు. నీళ్లు ఎంత ఉన్నప్పుడు వెళ్లాలి, ఎవరి పడవ ఎక్కాలి, రాత్రికి ఎక్కడ ఉండాలి అన్న మూడు విషయాలు తేల్చుకొని వెళ్లినవారికి ఈ తీరం ఇచ్చే ఆనందం మన దక్షిణ తెలంగాణలో మరెక్కడా దొరకదని నా నమ్మకం.

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది నీటిమట్టం. సోమశిల ముందు కనిపించేది శ్రీశైలం జలాశయపు వెనుక జలాలు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. జూరాల నుంచి, సుంకేసుల నుంచి వరద వచ్చే జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నది ఎర్రగా, ఉరకలు వేస్తూ నిండుతుంది. చూడటానికి గంభీరంగా ఉంటుంది గాని, ప్రవాహం ఎక్కువగా ఉన్న రోజుల్లో పడవలు కదలనివ్వరు కాబట్టి పిల్లలతో అంత దూరం వెళ్లి గట్టు మీద కూర్చొని రావలసి వస్తుంది. వరద తగ్గి, బురద అడుగుకు దిగి, నీరు పచ్చగా తేరుకునే అక్టోబరు చివర నుంచి జనవరి వరకు ఉన్న కాలమే పడవ ప్రయాణానికి ఉత్తమం. అప్పుడు కొండల సందుల్లోకి నీళ్లు చొచ్చుకుపోయి, చిన్న గుట్టలన్నీ దీవులవుతాయి. ఫిబ్రవరి దాటాక మట్టం పడిపోతూ వస్తుంది, ఒడ్డున బురద మైదానాలు తేలతాయి, రేవు మెట్ల చివర నుంచి పడవ దాకా రాళ్ల మీద నడవాలి. అయితే ఆ కాలానికి కూడా ఒక ప్రత్యేక ప్రయోజనం ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను. బయలుదేరే ముందు పత్రికల్లో రోజూ వచ్చే శ్రీశైలం నీటిమట్టం చూసుకోవడం వసతి గది బుక్ చేసుకోవడం కంటే ముఖ్యం.

దారి గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. మహబూబ్‌నగర్ నుంచి భూత్పూర్, బిజినేపల్లి, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ వరకు రోడ్డు బాగుంది, బస్సులూ ఉన్నాయి. కొల్లాపూర్ నుంచి ఆటోలు దొరుకుతాయి గాని సాయంత్రం తర్వాత అరుదు. తిరుగు ప్రయాణానికి అదే ఆటోను మాట్లాడుకోవడం మేలు. నగదు కూడా వెంట ఉంచుకోండి, రేవు దగ్గర ఫోన్ సిగ్నల్ తరచూ పోతుంది.

ఈ ఊరిని చూసే కన్ను మారాలంటే దాని కథ కొంత తెలియాలి. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. 1980ల ఆరంభంలో నీళ్లు నిలిచేసరికి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో నూరుకు పైగా గ్రామాలు మునిగాయి. నేడు మనం అందంగా ఉందని మెచ్చుకొనే ఈ నీళ్ల కింద ఎందరివో పొలాలు, ఇళ్లు, బావులు ఉన్నాయి. ముంపు బాధితులకు ఉద్యోగాలిస్తామన్న 98 జీవో మాట కొల్లాపూర్ ప్రాంతంలో ఈనాటికీ చర్చల్లో వినిపిస్తుంది. మనుషులతో పాటు దేవుళ్లూ కదిలారు. లలితా సోమేశ్వరస్వామి ఆలయాన్ని ముంపు నుంచి తప్పించి, ఎత్తైన చోట తిరిగి నిలిపారు. ద్వాదశ జ్యోతిర్లింగాల పేర విడివిడిగా చిన్న గుడులు ఒకే ప్రాంగణంలో ఉండటం ఇక్కడి విశేషం. మా అత్తమ్మ మోకాళ్ల నొప్పులతో ఎక్కువ దూరం నడవలేరు, అయినా పన్నెండు గుడులూ నెమ్మదిగా తిరిగి దర్శనం చేసుకోగలిగారు, ప్రాంగణం అంత అనుకూలంగా ఉంది. శివరాత్రికి, కార్తీక పౌర్ణమికి మాత్రం రద్దీ విపరీతం. దర్శనమే ముఖ్యమనుకునేవారికి ఆ రోజులు సరే గాని, తీరాన్ని చూడాలని వచ్చేవారు వాటిని తప్పించుకోవాలి.

2016 ఆగస్టులో జరిగిన కృష్ణా పుష్కరాలకు సోమశిల ముఖ్యమైన ఘాట్లలో ఒకటి. వెడల్పైన ఆ మెట్లు స్నానాలకు ఇప్పటికీ సౌకర్యంగా ఉన్నాయి, కాని నీళ్లు తగ్గినప్పుడు చివరి మెట్టు దాటితే లోతు ఎక్కడ మొదలవుతుందో తెలియదు. పిల్లల్ని, ఈత రానివారిని మెట్లు దాటి దిగనివ్వకూడదు. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదులు ఉన్నా, పండుగ రోజులు కాని సమయాల్లో వాటి శుభ్రతను పట్టించుకున్న జాడ కనిపించలేదు. ఒడ్డున పూజల పేర వదిలేసిన పాత బట్టలు, ప్లాస్టిక్ కవర్లు చూసి నిజంగా బాధ కలిగింది. ఈ ఊరికి మరో కొత్త కట్టడం కంటే ముందు కావలసింది రోజూ ఊడ్చే మనిషి, తాళం పడని మరుగుదొడ్డి.

ఇక పడవలు. ఇక్కడ మూడు రకాల ప్రయాణాలు ఉన్నాయి, మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. మొదటిది ఒడ్డు నుంచి ఒడ్డుకు మనుషుల్ని దాటించే మరబోటు. అవతల సిద్ధేశ్వరం, అది ఆంధ్రప్రదేశ్‌లోని నంద్యాల జిల్లా. చుట్టరికాలకు, పనులకు, మొక్కులకు అటూ ఇటూ తిరిగే జనంతో పాటు ఒక్కోసారి మోటారు సైకిళ్లు కూడా ఎక్కిస్తారు. ఈ ఊరి జీవనం చూడాలంటే ఇదే ఎక్కాలి, డబ్బు కూడా తక్కువ. రెండోది ఒక కుటుంబమో, మిత్రబృందమో పూర్తిగా మాట్లాడుకొనే పడవ. దీనికి ధర మనిషికి కాక పడవకు, ఎంతసేపు, ఎంత దూరం అనేదాన్ని బట్టి కుదురుతుంది. ఎక్కక ముందే ఎక్కడెక్కడికి తీసుకెళ్తారో, తిరిగి ఎప్పుడు దింపుతారో స్పష్టంగా మాట్లాడుకోవాలి. మూడోది రాష్ట్ర పర్యాటక సంస్థ నీళ్లు తగినంత ఉన్న కాలంలో సోమశిల నుంచి శ్రీశైలం వరకు నడిపే లాంచీ. నూరు కిలోమీటర్లు దాటిన ఈ ప్రయాణం దాదాపు రోజంతా సాగుతుంది, నల్లమల మధ్యలో కృష్ణ ఎంత లోతైన లోయలో పోతుందో అప్పుడే తెలుస్తుంది. సమయం, ఓపిక ఉన్నవారికి నేను గట్టిగా సిఫారసు చేసేది ఇదే. అయితే చిన్న పిల్లలకు అంతసేపు కూర్చోవడం కష్టం, పైగా ప్రయాణికులు చాలకపోయినా, మట్టం పడిపోయినా లాంచీ ఆగిపోతుంది కాబట్టి ముందు రోజు కూడా ఒకసారి ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి.

భద్రత విషయంలో ఏ మొహమాటమూ పెట్టుకోవద్దు. 2007 జనవరిలో ఇదే నది మీద, ఇక్కడికి దగ్గరలోని మంచాలకట్ట వద్ద పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. ఆ దుఃఖాన్ని రెండు ఒడ్డుల వాళ్లూ మరిచిపోలేదు. మేము మొదట మాట్లాడుకున్న పడవలో లైఫ్ జాకెట్లు ఒక మూలన కట్టగా పడి ఉన్నాయి, కొన్నింటికి బెల్టులు తెగిపోయాయి. వేసుకుంటామని అడిగితే నడిపే అబ్బాయి “గాలి లేదు గద మేడం, ఏం గాదు” అన్నాడు. మేము దిగిపోయాం. మా మాటలు విన్న పక్క పడవ పెద్దాయన తన జాకెట్లు దులిపి ఒక్కొక్కరికీ తానే బిగించి, మా అత్తమ్మతో “నువ్వు నడుమ కూసో అవ్వా, అంచుకు రావద్దు” అన్నాడు. నడి నదిలోకి వెళ్లాక గాలి లేచింది, అలలు పడవ అంచును తాకాయి. సాయంత్రం పూట ఈ నీళ్ల మీద గాలి ఎంత త్వరగా మారుతుందో నాకు అప్పుడే అర్థమైంది. కాబట్టి ఉదయం ఏడు నుంచి పదిన్నర లోపు పడవ ఎక్కడం మంచిది, జాకెట్ లేని పడవ ఎంత చవకగా దొరికినా ఎక్కకూడదు.

బస విషయంలో రెండు దారులున్నాయి. ఒడ్డున పర్యాటక శాఖ కాటేజీలు ఉన్నాయి, గదులు తక్కువ కాబట్టి వారాంతాల్లో ముందుగా బుక్ చేసుకుంటే తప్ప దొరకవు. కిటికీ తెరిస్తే నది కనిపించడం వాటి గొప్ప, భోజనానికి మాత్రం ముందే చెప్పి ఉంచాలి. రెండోది కొల్లాపూర్ పట్టణంలో లాడ్జీలు. మేము ఒక రాత్రి పట్టణంలోని లాడ్జీలో ఉన్నాం. గది చవకే గాని దుప్పట్లు మార్చలేదు, వేడినీళ్లు ఇస్తామని చెప్పి ఇవ్వలేదు, రోడ్డు మీద లారీల మోతకు పిల్లలకు నిద్ర పట్టలేదు. మరుసటి రాత్రి ఒడ్డున గది దొరకగానే అటు మారాం, ఖర్చు ఎక్కువైనా అదే సరైన నిర్ణయం అనిపించింది. ఎందుకంటే సోమశిలలో చూడవలసిన అసలు ఘడియలు రెండే: తెల్లవారుజామున వలలు తీసిన పడవలు రేవుకు చేరే వేళ, పొద్దుగూకాక బోట్లు ఒక్కొక్కటిగా గట్టుకు కట్టే వేళ. పట్టణంలో ఉండి వచ్చేవారికి ఈ రెండూ అందవు.

తెల్లవారి రేవు నిజంగా సందడి. పుట్టిలో వెళ్లి వచ్చిన చెంచు, జాలరి కుటుంబాల వాళ్లు బొచ్చలు, రవ్వలు, జెల్లలు తట్టల్లో పోస్తారు, కొల్లాపూర్ నుంచి వచ్చిన వ్యాపారులు తూకం వేయించుకొని పోతారు. ఘాట్ దగ్గర గుడిసె హోటళ్లలో అప్పుడే తెచ్చిన చేపకు ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద వేయించి ఇస్తారు. దానితో జొన్నరొట్టె అడిగితే చేసి పెట్టారు, పులుసు మాత్రం ముందురోజే చెప్పాలట. ఇంత రుచికరమైన, తాజా భోజనం పెద్ద హోటళ్లలో కూడా మేము తినలేదు. నూనె మళ్లీ మళ్లీ కాచిన దుకాణాలూ ఉన్నాయి, అందుకే చేపను మీ ఎదుటే కోయించుకొని, నూనె రంగు చూసి కూర్చోండి. చేపలు తగ్గిపోతున్నాయని మాత్రం మాట్లాడిన ప్రతి జాలరీ అన్నాడు. బయటి నుంచి వచ్చినవాళ్లు అలివి వలలతో పిల్ల చేపల్ని కూడా ఊడ్చుకుపోతున్నారని వాళ్ల ఆవేదన. దోమతెర వంటి సన్నని కన్నుల ఆ వలలపై నిషేధం ఉన్నా వాడకం ఆగలేదట. చిన్న చేపలు కొనకపోవడం సందర్శకులుగా మన చేతిలో ఉన్న పని.

నీళ్లు తగ్గిన కాలపు ప్రయోజనం అని ముందు అన్నది సంగమేశ్వరం గురించి. సోమశిల నుంచి పడవలో ఎగువకు వెళితే నంద్యాల జిల్లా వైపు ఒడ్డున, ఏడు నదులు కలిసే చోటని భక్తులు కొలిచే సప్తనదీ సంగమం వద్ద ఆ గుడి ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు పూర్తిగా మునిగి ఉంటుంది. మట్టం బాగా పడిపోయాక, వేసవి ముందర శిఖరం తేలుతుంది, తర్వాత ప్రాకారం, ఆ తర్వాత గర్భాలయం. అందులోని లింగం వేపమానుది, ధర్మరాజు ప్రతిష్ఠ అని స్థలపురాణం. ఇన్నేళ్లుగా ఏటా మునిగి తేలుతున్నా ఆ కొయ్య నిలిచి ఉండటం, పూజారులు బురద కడిగి తిరిగి దీపం పెట్టడం చూసినప్పుడు కలిగిన భావం మాటల్లో పెట్టలేను. ఎండకు తట్టుకోగలిగినవారు ఏప్రిల్ ప్రాంతంలో దీని కోసమే వెళ్లవచ్చు, పచ్చని నీళ్లు చూడాలనుకునేవారు ఆ నెలలో వెళ్లకూడదు. ఒకే ప్రయాణంలో రెండూ దక్కవు.

నాగార్జునసాగర్‌తో పోల్చి చెప్పమని నల్లగొండ బంధువులు అడిగారు. సాగర్‌లో లాంచీ స్టేషన్, టికెట్ల వరుస, నాగార్జునకొండ మ్యూజియం అన్నీ ఒక పద్ధతిలో ఉంటాయి. వృద్ధులతో ఒక్క రోజులో వెళ్లి రావాలనుకుంటే సాగరే సులువు. కొండలు నీటికి ఇంత దగ్గరగా ఉండటం, ఊరి మనుషులతో కూర్చొని మాట్లాడే తీరిక మాత్రం సోమశిలలోనే దొరుకుతాయి.

సోమశిల, సిద్ధేశ్వరం మధ్య 1,082 కోట్ల రూపాయలతో తీగల వంతెనకు కేంద్రం 2022లో ఆమోదం తెలిపింది. రాయలసీమకు చుట్టు తిరిగి పోయే జనానికి అది పెద్ద మేలు, దాన్ని ఎవరూ కాదనలేరు. వంతెన వచ్చాక దాటింపు పడవల మీద బతికేవారికి పర్యాటక బోట్లలోనే పని, లైసెన్సు, శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఇప్పటి నుంచే జరగాలని నా గట్టి కోరిక.

తిరిగి వచ్చేటప్పుడు నాగర్‌కర్నూల్ దారిలో సింగోటం లక్ష్మీనరసింహస్వామి గుడి, దాని పక్కన చెరువు చూడవచ్చు, సంక్రాంతి తర్వాత అక్కడ జాతర జరుగుతుంది. కొల్లాపూర్‌లోనే ఉన్న మాధవస్వామి ఆలయం ముంపుకు గురైన మంచాలకట్ట నుంచి తరలించినది, గోడల మీది విష్ణుమూర్తుల శిల్పాల కోసం ఒక గంట కేటాయించాలి. వనపర్తి వైపు వెళ్లేవారు పెంట్లవెల్లి మీదుగా జటప్రోలు చేరి, అలాగే రాయి రాయి విప్పి తిరిగి కట్టిన మదనగోపాలస్వామి ఆలయం చూసి పెబ్బేరు దగ్గర జాతీయ రహదారి ఎక్కవచ్చు. మే నెలలో అయితే కొల్లాపూర్ మామిడి మండీ దగ్గర ఆగి, కార్బైడ్ వేయని బేనిషాన్ కాయలు రైతు దగ్గరే అడిగి కొనుక్కోండి.