తొలి మాయా సినిమా: హ్యారీ పాటరా, నార్నియానా?

ఏడెనిమిదేళ్ల పిల్లలకు మొదటిసారి మాయలోకం సినిమా చూపించాలనుకునే అమ్మానాన్నలకు రెండు పేర్లు ముందుగా తడతాయి. ఒకటి 2001లో వచ్చిన మొదటి హ్యారీ పాటర్, మంత్రాల బడిలో చేరే హ్యారీ అనే కుర్రాడి కథ, నిడివి 152 నిమిషాలు. రెండోది 2005 నాటి నార్నియా, బీరువాలోంచి మంచుదేశానికి వెళ్లే నలుగురు పిల్లల కథ, 143 నిమిషాలు. రెండూ పిల్లల నవలల నుంచి తీసినవే, రెండు నవలల్లోనూ 17 అధ్యాయాలే. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ రెంటికీ పీజీ (తల్లిదండ్రుల మార్గదర్శనం మంచిది) గుర్తే ఇచ్చారు. అయితే ఆ ఒక్క గుర్తు వెనక ఉన్న భయాలు రెండు రకాలు. ఎంపిక చేసుకోవాల్సింది అక్కడే.

అయిదారేళ్ల పిల్లల్ని ఎక్కువగా రూపం భయపెడుతుంది: వికారమైన ముఖం, కోరలు, ఉన్నట్టుండి వచ్చే అరుపు. ఎనిమిది దాటినవాళ్లను జరిగే నష్టం భయపెడుతుంది: ఎవరైనా చనిపోవడం, సొంతవాళ్లే మోసం చేయడం. హ్యారీ పాటర్ మొదటి భాగంలో భయం చాలావరకు రూపానిదే. ఆడపిల్లల బాత్రూంలోకి వచ్చే ట్రోల్ అనే భారీ రాక్షసుడు, మూడు తలల కుక్క, అడవిలో యూనికార్న్ (ఒంటికొమ్ము గుర్రం) నెత్తురు తాగే ముసుగు మనిషి, చివర్లో ఒక మాస్టారు తలపాగా విప్పితే తల వెనక కనిపించే రెండో ముఖం. ఇవి ఎక్కడొస్తాయో ముందే తెలుసు, మధ్యలో నవ్వుకునే ఘట్టాలు బోలెడున్నాయి.

నార్నియాలో భయం మనసుకు తగిలేది. సినిమా మొదలవడమే లండన్ మీద బాంబుల దాడితో. నవలలో ఆ సంగతి ఒకటి రెండు మాటల్లో అయిపోతుంది, సినిమాలో పెద్ద దృశ్యమైంది. గడ్డకట్టిన నది పగిలే ఘట్టం నవలలో లేనే లేదు. నవలలో క్లుప్తంగా సాగే యుద్ధాన్ని సినిమాలో బాగా పెంచారు. అందుకే పుస్తకం చదివి వినిపించినప్పుడు హాయిగా విన్న పిల్ల సినిమా చూసి బెదిరిపోవచ్చు. అన్నిటికంటే బరువైనది, పిల్లల పక్షాన నిలిచిన సింహాన్ని మంత్రగత్తె కట్టించి, జూలు గొరిగించి, రాతిబల్ల మీద చంపే ఘట్టం. నెత్తురు పెద్దగా చూపించరు, కానీ ఇద్దరు అక్కచెల్లెళ్లు పొదల చాటునుంచి చూస్తూ ఏడుస్తుంటారు. చూసే పిల్ల కూడా వాళ్ల పక్కనే నిలబడ్డట్టు ఉంటుంది.

అందువల్ల ఏడు నుంచి తొమ్మిదేళ్లవాళ్లకు మొదటి సినిమాగా హ్యారీ పాటర్ మేలు. తొమ్మిది దాటితే నార్నియా ఇంకా మంచి ఎంపిక. మిఠాయికి ఆశపడి తోబుట్టువుల్ని మంత్రగత్తెకు పట్టించిన తమ్ముణ్ణి వాళ్లు మళ్లీ అక్కున చేర్చుకోవడం ఆ వయసులోనే అర్థమవుతుంది, సినిమా అయ్యాక దాని గురించి మాట్లాడతారు కూడా. ఏడు లోపు పిల్లలకు రెండూ వద్దు. వాళ్లకు నార్నియా కథను రోజుకో అధ్యాయం చొప్పున నోటితో తెలుగులో చెప్పండి. బరంపురం ఠాకురాణి యాత్రలో పులివేషం చూసి జడిసిన పిల్ల, వేషగాడు చెట్టుకింద కూర్చుని టీ తాగడం చూసి ధైర్యం తెచ్చుకుంటుంది. సినిమాలో ఆ పని ముందుగా తెలిసిన కథ చేస్తుంది. సింహం తెల్లారేసరికి తిరిగి లేస్తుందని తెలిసిన పిల్ల ఆ రాత్రి ఘట్టాన్ని తట్టుకోగలదు.

మన ఒడిశా సరిహద్దు ఊళ్లలో భాష సంగతి ఇంకా ముఖ్యం. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి తెలుగిళ్లలో చాలామంది పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు. తెలుగు మాట వచ్చుగాని అక్షరం రాదు. వాళ్లకు తెలుగు సబ్‌టైటిళ్లు పెట్టి లాభం లేదు, తెలుగు ఆడియో కావాలి. అది ఉందో లేదో పిల్లల్ని కూర్చోబెట్టకముందే ఆడియో జాబితాలో చూసుకోండి. లేకపోతే కార్టూన్ల వల్ల అలవాటైన హిందీ నయం. మాట అర్థం కాకపోతే ముఖమూ చప్పుడూ మాత్రమే మిగులుతాయి, భయం రెట్టింపవుతుంది. ఉదాహరణకు, హ్యారీ చెయ్యి తగలగానే ఆ తలపాగా మాస్టారు బూడిదైపోతాడు. తల్లి ప్రేమ హ్యారీ ఒంట్లో రక్షగా నిలిచిందని ఆ తర్వాత ఆసుపత్రి గదిలో హెడ్మాస్టర్ చెబుతాడు. ఆ మాటలు అందని పిల్లకు మిగిలేది బూడిద ఒక్కటే.

హాలుకి వెళ్లడమా, ఇంట్లోనా అంటే తొలిసారి ఇల్లే. కొత్త సినిమా పెద్ద తెర మీద చూపించాలని రాయగడ నుంచి రైల్లో విజయనగరమో విశాఖో తీసుకెళ్తే, ఆట మొదలయ్యేసరికే పిల్ల అలసిపోతుంది, పైగా అక్కడ ఆపడం, శబ్దం తగ్గించడం మన చేతిలో ఉండవు.

ఇంట్లో పగటిపూట, లైటు వేసి, రెండు విడతలుగా చూడండి. హ్యారీ పాటర్‌ని ట్రోల్ ఘట్టం ముగిసి హ్యారీ, రాన్, హెర్మయినీ ముగ్గురూ స్నేహితులయ్యే చోట ఆపొచ్చు. నార్నియాను పిల్లలు బీవర్ల (మాట్లాడే జంతువుల) ఇల్లు చేరకముందే ఆపాలి. సింహం చావుకూ తిరిగి లేవడానికీ మధ్య ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు, కరెంటు పోయినా మిగతా కథ అప్పుడే నోటితో చెప్పేయాలి. భయపడ్డ చిన్నపిల్లకు ‘అదంతా ఉత్తిదే’ అంటే ఎక్కదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, దుప్పటి, కళ్లు మూసుకోమనడం పనిచేస్తాయి. పెద్దపిల్లకు ఎలా తీశారో వివరిస్తే పనిచేస్తుంది.

మన సెన్సారు గుర్తుల్లో యూఏ అంటే తల్లిదండ్రులకు సలహా మాత్రమే, నిషేధం కాదు. 2024 నిబంధనలతో అది 7+, 13+, 16+ అని మూడు మెట్లైంది. ఓటీటీలో 13+ నుంచి తాళం సదుపాయం ఉండాలని 2021 నిబంధనలే చెప్పాయి. ఆ పిన్ పెట్టుకోండి.

హ్యారీ పాటర్ ఎంచుకున్నవాళ్లు ఆటోప్లే కూడా ఆపేయాలి. రెండో భాగంలోనే గుంపులుగా సాలీళ్లు, పెద్ద పాము ఉన్నాయి. మూడోదానిలో ఆనందాన్ని పీల్చేసే డిమెంటర్లు వస్తాయి. నాలుగో భాగంలో ఒక విద్యార్థి చనిపోతాడు, దానికి అమెరికాలో పీజీ-13 (పదమూడు లోపు పిల్లల విషయంలో మరింత జాగ్రత్త) గుర్తు ఇచ్చారు. తొమ్మిదేళ్లదాకా మొదటి భాగంతోనే సరిపెట్టి, నాలుగోదాన్ని పన్నెండు దాకా ఆపడం మంచిది.